కోచ్‌ని తీసేసే ముందు లెక్క చూపించండి: రగ్బీ లీగ్ పెద్దలకు బహిరంగ లేఖ

సిడ్నీ రగ్బీ లీగ్ క్లబ్బుల డైరెక్టర్లకు, టీవీ చర్చల్లో కూర్చుని కోచ్‌ల జాతకాలు చెప్పే మాజీ ఆటగాళ్ళకు,

నమస్కారం.

నేను పశ్చిమ సిడ్నీలో, వెంట్‌వర్త్‌విల్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాను. పారమాటా ఈల్స్ అభిమానిని. నీలం, పసుపు జెర్సీ మీద స్వెటర్ వేసుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని ఆట చూసే మనిషి మీ కెమెరాల్లో ఎప్పుడైనా పడి ఉంటే అది నేనే. గుంటూరు జిల్లావాడికి రగ్బీ లీగ్ ఏంటని మావాళ్ళే అడుగుతారు. కబడ్డీ ఆడి పెరిగినవాడికి ఈ ఆట అర్థమవడానికి పావుగంట చాలు. వైపుకి 13 మంది, ఆరుసార్లు పట్టుబడేలోపు బంతిని అవతలి గీత దాటించాలి, లేకపోతే బంతి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. పట్టు ఎలా పట్టాలి, పట్టు నుంచి ఎలా లేవాలి అన్నదే ఆట.

ఈ ఉత్తరం ఇంగ్లీషులో ఇప్పటికి రెండుసార్లు రాశాను. ఒకటి ఒక క్లబ్బు ఆఫీసుకి, ఇంకొకటి ఒక టీవీ కార్యక్రమానికి. వాళ్ళ పేర్లు చెప్పను, గొడవ వాళ్ళిద్దరితోనే కాదు కాబట్టి. ఒక చోటి నుంచి మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని కంప్యూటర్ జవాబు వచ్చింది. ఇంకో చోట నా ఈమెయిల్ అడ్రస్ మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు, వారం వారం ప్రకటనలు వస్తున్నాయి. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. టూంగాబీ, పెండిల్ హిల్, వెస్ట్‌మీడ్ ఇళ్ళల్లో ఆదివారం బిర్యానీ తిన్నాక కోచ్‌లలో బెన్నెట్ గొప్పా, బెలమీ గొప్పా, క్లియరీ గొప్పా అని గొంతులు పోయేలా వాదించుకునే మావాళ్ళయినా చదువుతారు. మీ ఆఫీసులో అకౌంట్స్‌లోనో ఐటీలోనో మావాడు ఒకడు ఉండకపోడు, మీరు వాడితో చదివించుకోండి.

విషయం ఇది. మీరు కోచ్‌లని తూకం వేసే పద్ధతి బాగాలేదు. గెలిస్తే దేవుడు, వరసగా నాలుగు ఓడితే దొంగ. ఆ తూకం వల్ల నష్టపోయేది మీరు కాదు. ఎవరో, ఎలాగో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. మైకేల్ మగ్వైర్‌తో మొదలుపెడతాను. 2014లో సౌత్ సిడ్నీకి లీగ్ టైటిల్ గెలిపించాడు. ఆ క్లబ్బు అంతకుముందు గెలిచింది 1971లో. 43 ఏళ్ళ కరువు తీర్చిన మనిషిని మూడేళ్ళకే సాగనంపారు. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు మావైపు. 2019లో వెస్ట్స్ టైగర్స్ తీసుకుంది, 2022 సీజన్ మధ్యలో తీసేసింది. మరీ కఠినం, ఇప్పటి కుర్రాళ్ళు ఆ శిక్షణ భరించలేరు అని అప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మాట. ఆయన్ని తీసేసిన టైగర్స్ ఆ ఏడాదీ ఆఖరి స్థానమే, తర్వాత రెండేళ్ళూ ఆఖరి స్థానమే. ఆయన మాత్రం 2024లో న్యూ సౌత్ వేల్స్‌కి, క్వీన్స్‌లాండ్‌తో ఏటా ఆడే మూడు మ్యాచ్‌ల సిరీస్ స్టేట్ ఆఫ్ ఆరిజిన్ గెలిపించాడు. 2025లో బ్రిస్బేన్ వెళ్ళి మొదటి ఏడాదే టైటిల్ కొట్టాడు. ఆ గ్రాండ్ ఫైనల్లో, అంటే టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్‌లో, సగం ఆటకి 12-22తో వెనకబడి, రెండో సగంలో మెల్‌బోర్న్‌కి ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 26-22తో గెలిచారు. మర్నాటికల్లా ఆ కఠినానికే క్రమశిక్షణ అని పేరొచ్చింది.

ఇక్కడ నా వాదనకి అడ్డం వచ్చే సంగతి కూడా చెప్పాలి. మగ్వైర్ కోసం బ్రిస్బేన్ తీసేసింది కెవిన్ వాల్టర్స్‌ని. ఆయన 2023లో జట్టుని గ్రాండ్ ఫైనల్ దాకా తెచ్చి, 24-8తో ముందుండి, చివరి ఇరవై నిమిషాల్లో పెన్‌రిత్‌కి 24-26తో పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది జట్టు ఫైనల్స్‌కే (పట్టిక పైభాగం జట్లు టైటిల్ కోసం ఆడే చివరి మ్యాచ్‌లు) రాలేదు. తీసేశారు, గెలిచారు. కాబట్టి కోచ్‌ని ఎప్పుడూ తీయొద్దని నేను అనడం లేదు. సీజన్ అయ్యాక, వేరే ఎవరు కావాలో తెలిసి తీశారు. టైగర్స్‌లా మధ్యలో తీసి ఆనక వెతుక్కోలేదు.

2. ఐవన్ క్లియరీ. పెన్‌రిత్ ఈయన్ని 2015 చివర్లో తీసేసింది. అలసిపోయినట్టు కనిపిస్తున్నాడని అప్పుడు చెప్పిన కారణం. అలసిపోయిన ఆ మనిషే 2019లో తిరిగొచ్చి 2021, 2022, 2023, 2024 వరసగా నాలుగు టైటిళ్ళు తెచ్చాడు. వరసగా మూడు గెలవడమే 1981 నుంచి 1983 దాకా మా పారమాటా గెలిచాక ఇంకెవరికీ చేతకాలేదు.

క్లియరీ బలం ఎక్కడుందో మీ చర్చల్లో సరిగా చెప్పరు. జీతాల మొత్తానికి పరిమితి ఉంది కాబట్టి గెలిచిన జట్టు అందరినీ ఉంచుకోలేదు. బర్టన్, కికావు, కోరోయిసావు, క్రైటన్, లువాయ్ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ప్రతిసారీ ఇరవై ఏళ్ళ కుర్రాడెవడో వచ్చి ఆ చోట నిలబడ్డాడు. జట్టు డిఫెన్స్ గీత మాత్రం చెదరలేదు. మా పెళ్ళిళ్ళలో వంట మేస్త్రీని మెచ్చుకునేది ఇలాంటప్పుడే, సహాయకులు సగం మంది రాకపోయినా పంక్తి ఆగకుండా నడిపినప్పుడు.

బలహీనత? ఉంది. జట్టు ఆటని నడిపించే హాఫ్‌బ్యాక్ నేథన్ ఆయన సొంత కొడుకు. నేథన్ లేని క్లియరీ ఎంత అన్న ప్రశ్న న్యాయమైనదే. అంతకుముందు న్యూజీలాండ్ జట్టు వారియర్స్‌ని 2011 గ్రాండ్ ఫైనల్‌కి తెచ్చాడు, నిజమే, కానీ ఓడిపోయాడు. కొడుకు చేతికి అందే దాకా ఆయనకి టైటిల్ లేదు. దానికి ఎదురు వాదన ఏంటంటే, 2024లో నేథన్ గాయాలతో చాలా మ్యాచ్‌లు ఆడలేదు, అయినా గెలిచారు. పెన్‌రిత్ చుట్టుపక్కల జూనియర్ ఆటగాళ్ళ పంట కూడా క్లియరీ ఒక్కడు వేసింది కాదు. ఎవరో దున్నారు, ఎవరో నీళ్ళు పెట్టారు, కోత సమయానికి ఈయన ఉన్నాడు. కోతలో చేయి తిరిగినవాడు ఉండటం చిన్న సంగతేమీ కాదనుకోండి. 2025లో ఆ జట్టు ఒక దశలో పట్టిక అట్టడుగున ఉంది. నాలుగు టైటిళ్ళు లేని కోచ్ అయితే అప్పుడే పోయేవాడు. ఆయన ఉన్నాడు కాబట్టి జట్టు లేచి సెమీస్ దాకా వెళ్ళి, రెండు పాయింట్ల తేడాతో, 14-16తో ఓడింది.

3. వేన్ బెన్నెట్, క్రెయిగ్ బెలమీ. మా ఇంట్లో వాదన ఎప్పుడూ వీళ్ళ దగ్గరే ముదురుతుంది. మా బావమరిది బెన్నెట్ భక్తుడు, నేను బెలమీ వైపు.

బెన్నెట్ ఒకప్పుడు పోలీసు. విలేకరులకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి లేచిపోతాడు. ఆటగాళ్ళతో మాత్రం తండ్రిలా ఉంటాడంటారు. 900 మ్యాచ్‌లకి పైగా కోచింగ్, ఏడు టైటిళ్ళు: బ్రిస్బేన్‌తో ఆరు, 2010లో సెయింట్ జార్జ్ ఇల్లవారాతో ఒకటి. కొత్త క్లబ్బుకి పునాది వేయాలంటే ఆయనే. 1988లో బ్రిస్బేన్‌కి మొదటి కోచ్, 2023లో డాల్ఫిన్స్‌కి మొదటి కోచ్. ఆ డాల్ఫిన్స్ తమ మొట్టమొదటి మ్యాచ్‌లోనే రూస్టర్స్‌ని 28-18తో కొట్టింది. మా బావమరిది చెప్పనిది ఏంటంటే, 2010 తర్వాత బెన్నెట్‌కి టైటిల్ లేదు. న్యూకాజిల్‌లో మూడేళ్ళు ఉన్నా రాలేదు. రెండు గ్రాండ్ ఫైనల్స్ మాత్రం అందినట్టే అంది జారిపోయాయి: 2015లో 16-17, 2021లో 12-14.

బెలమీ ఆ బెన్నెట్ దగ్గరే సహాయకుడిగా పనిచేసి 2003లో మెల్‌బోర్న్ వెళ్ళాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. ఒక్క 2010 తప్పిస్తే ఆయన జట్టు ఫైనల్స్ ఆడని ఏడాది లేదు. 2010లో కూడా ఆట రాక కాదు. జీతాల పరిమితి దాటినందుకు ఆ ఏడాది పాయింట్లన్నీ పోయాయి, 2007, 2009 టైటిళ్ళు కూడా పోయాయి. మిగిలినవి 2012, 2017, 2020. వేరే క్లబ్బులు వద్దన్న ఆటగాడిని తీసుకుని రెండేళ్ళలో మనిషిని చేస్తాడు. ఆయన జట్టు ట్యాకిల్ (పట్టు) ఒకసారి నిదానంగా చూడండి. ఒకడు బంతిని పట్టుకుంటాడు, ఇంకొకడు కాళ్ళు పడతాడు, మూడోవాడు పైన వాలి అవతలివాడు లేచేది ఒక్క క్షణం ఆలస్యం చేస్తాడు. ఆ ఒక్క క్షణంలో మిగతా పదిమంది గీత మీద సర్దుకుంటారు. కబడ్డీలో చీలమండ పట్టు పడగానే మిగతావాళ్ళు మూసుకొచ్చినట్టు. 2020లో రూల్ మార్చి ఆ ఆలస్యానికి శిక్షగా అవతలివాళ్ళకి ఆరు ట్యాకిళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఇవ్వడం తెచ్చారు. అదే ఏడాది ఆయనే గెలిచాడు.

బెలమీ లోపం: పెద్ద రోజున తడబడతాడు. 2006, 2008, 2016, 2018, 2024, 2025 గ్రాండ్ ఫైనల్స్ పోయాయి. 2008ది అయితే 0-40. 2008 నుంచి 2010 దాకా న్యూ సౌత్ వేల్స్ కోచ్‌గా మూడు ఆరిజిన్ సిరీస్‌లూ ఓడాడు. రోజూ చేతికింద పెట్టుకుని తీర్చిదిద్దే కోచ్‌కి, మూడు మ్యాచ్‌ల కోసం పది రోజులు చేతికొచ్చే జట్టు వేరే సంగతి. కోచ్ బాక్సులో ఆయన అరుపులు చూసి మా చిన్నవాడు "తాతయ్యలా ఉన్నాడు" అంటాడు. మా నాన్నకి ఇంతవరకు చెప్పలేదు.

ఇలాంటి తూకం వేయడానికి మా ఇంటి సోఫా చాలింది. స్టూడియోలో మీకెందుకు కుదరదు?

4. మారకం కథ. 2018 చివర్లో బ్రిస్బేన్ బెన్నెట్‌ని తీసేసి సౌత్ సిడ్నీ (సౌత్స్) కోచ్ ఆంథనీ సీబోల్డ్‌ని తెచ్చుకుంది. బెన్నెట్ సౌత్స్‌కి వెళ్ళాడు. సీబోల్డ్ ఆ ఏడాది అత్యుత్తమ కోచ్ అవార్డు తీసుకున్నవాడు. కొత్త తరం, లెక్కలు తెలిసినవాడు అని మీరంతా మోశారు. 2019 ఫైనల్స్‌లో ఆయన జట్టు మా పారమాటా కొత్త స్టేడియంలో 0-58తో ఓడింది. ఆ రోజు నేను ఎంత అరిచానంటే మర్నాడు ఆఫీసు మీటింగులో గొంతు రాలేదు. 2020లో బ్రిస్బేన్ తన చరిత్రలో మొదటిసారి ఆఖరి స్థానంలో నిలిచింది, సీజన్ అవకముందే సీబోల్డ్ వెళ్ళిపోయాడు. అటు బెన్నెట్ 2021లో సౌత్స్‌ని గ్రాండ్ ఫైనల్‌కి తెచ్చాడు. సీబోల్డ్ చేతకానివాడని నేననను. ఒక క్లబ్బులో పనికొచ్చిన పద్ధతి ఇంకో క్లబ్బులో ఎందుకు పనికిరాలేదో, ఆయన్ని తెచ్చిన డైరెక్టర్లు ఏం చూసి తెచ్చారో సభ్యులకి కూర్చోబెట్టి చెప్పాలి కదా? అది మాత్రం నేనెక్కడా వినలేదు.

5. ఇక మా ఇంటి గొడవ. పారమాటాకి 1986 తర్వాత టైటిల్ లేదు. 2013లో రికీ స్టువర్ట్ వచ్చాడు. రూస్టర్స్‌ని మొదటి ఏడాదే, 2002లో, గెలిపించిన మనిషి. మా దగ్గర ఒక్క సీజన్ ఉండి, జట్టు ఆఖరి స్థానంలో ఉండగా కాన్‌బెర్రా వెళ్ళిపోయాడు. అక్కడ మాత్రం పాతుకుపోయాడు, 2019లో గ్రాండ్ ఫైనల్, 2025లో లీగ్ పట్టికలో మొదటి స్థానం. అంటే ఏడాది ఉన్న చోట చెడ్డ కోచ్, పదేళ్ళు ఉన్న చోట మంచి కోచ్.

స్టువర్ట్ తర్వాత బ్రాడ్ ఆర్థర్, 2014 నుంచి. 2018లో ఆఖరి స్థానం వచ్చినా తీసేయలేదు. ఆ ఓపికకి ఫలితం కూడా దక్కింది, 2019 నుంచి 2022 దాకా ఏటా ఫైనల్స్. 2022 గ్రాండ్ ఫైనల్ రోజు మా ఇంట్లో పద్దెనిమిది మంది. హాఫ్ టైమ్‌కి 0-18. ఎవరూ మాట్లాడలేదు, ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది. చివరికి 12-28. ఆ మరుసటేడు జారాం. 2024లో మా హాఫ్‌బ్యాక్ మిచెల్ మోజెస్ గాయపడి మ్యాచ్‌లు పోతుంటే మే నెలలో ఆర్థర్‌ని తీసేశారు.

ఆర్థర్‌కీ కొడుకున్నాడు, జేకబ్. తండ్రి వాడిని మైదానంలోకి దించితే మా అభిమానులే ఎగతాళిగా అరిచారు. పెన్‌రిత్ అక్కడికి అరగంట రైలు ప్రయాణం. అక్కడ క్లియరీ తండ్రీకొడుకుల అనుబంధం మీద మీరు కార్యక్రమాలు చేస్తారు. జేకబ్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. అరిచినవాళ్ళలో నేను కూర్చున్న వరసలోవాళ్ళు కూడా ఉన్నారు. నేను అరవలేదు, ఆపమని కూడా అనలేదు.

6. డబ్బు. కాంట్రాక్టు మిగిలి ఉండగా కోచ్‌ని పంపితే పరిహారం ఇవ్వాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సభ్యత్వ రుసుముల నుంచి, జట్టుకి అనుబంధంగా ఉండే లీగ్స్ క్లబ్బుల (భోజనం, జూదం ఉండే సభ్యుల క్లబ్బులు) ఆదాయం నుంచి. లీగ్స్ క్లబ్బు ఆదాయంలో పెద్ద వాటా పోకర్ మెషీన్లది, అంటే జూదం యంత్రాలది. గురువారం జీతం పడగానే వచ్చి ఆ మెషీన్ల ముందు కూర్చునేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను. మీ తప్పుడు నియామకానికి జరిమానా కట్టేది వాళ్ళు. హెడ్ కోచ్‌తో పాటు సహాయ కోచ్‌లు, ట్రైనర్లు, వీడియో చూసి లెక్కలు రాసే కుర్రాళ్ళు కూడా చాలాసార్లు మూటాముల్లె సర్దుకుంటారు. వాళ్ళకి అంతంత పరిహారాలు ఉండవు, ఇంటి అద్దెలు ఉంటాయి.

7. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం వేరే. మా చిన్నవాడు తొమ్మిదేళ్ళ లోపు పిల్లల జట్టులో ఆడతాడు. వాళ్ళ కోచ్ ప్లంబర్. జీతం లేదు. మంగళ, గురువారాలు పని నుంచి అదే బూట్లతో వచ్చి, చలికి ముక్కులు కారుతున్న పన్నెండు మంది పిల్లలకి బంతిని కాలితో వెనక్కి ఎలా జార్చాలో నేర్పుతాడు. ఒకడి లేసు కడుతుంటే ఇంకొకడి లేసు ఊడుతుంది. గత సీజన్‌లో వరసగా నాలుగు ఓడారు. ఐదో శనివారం ఉదయం నేను సాసేజ్‌లు కాలుస్తున్నాను, ఒక తండ్రి కంచెకి ఆనుకుని అందరికీ వినపడేలా అన్నాడు: "వీడు డ్రెస్సింగ్ రూమ్‌ని పోగొట్టుకున్నాడు." అంటే ఆటగాళ్ళు ఇక కోచ్ మాట వినడం లేదని. అక్కడ డ్రెస్సింగ్ రూమ్ లేదు. పిల్లలు కార్ల వెనక జెర్సీలు మార్చుకుంటారు. ఆ మాట ఆయన సొంతం కాదు, మీ స్టూడియో నుంచి తెచ్చుకున్నది.

ఇంటికొస్తూ కార్లో మావాడు అడిగాడు: "నాన్నా, మన కోచ్‌ని ఎప్పుడు తీసేస్తారు?" సీజన్ అయ్యాక ప్లంబర్ గారే మానేశారు. పని ఎక్కువైందని చెప్పారు. వచ్చే ఏడాదికి ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు.

ఇవి మా కోరికలు. వీటిలో ఏదీ డబ్బు ఎక్కువయ్యేది కాదు.

ఒకటి. కోచ్‌ని తీసుకున్న రోజే ఏ కొలతలతో చూస్తారో సభ్యులకి రాసి ఇవ్వండి. గెలుపులు ఒక్కటే కాకుండా జూనియర్ల నుంచి ఎంతమందిని పైకి తెచ్చాడు, గాయాలని, ముఖ్యంగా తలదెబ్బలని ఎలా చూసుకున్నాడు, చివరి ఇరవై నిమిషాల్లో జట్టు ఎలా ఆడింది అన్నవి కూడా ఉండాలి.

రెండు. ఆటగాళ్ళని కొన్నది ఎవరు, కోచా, మీరా? మీరైతే ఓటమిలో మీ వాటా కూడా చెప్పండి. బియ్యం, పప్పు మీరే తెచ్చి పులుసు బాగాలేదని వంటవాడిని మాత్రమే మారిస్తే ఎలా? కోచ్‌ని తీసేసిన నెలలోపు ఒక్క పేజీ చాలు, ఏం తప్పు జరిగిందో, అందులో మీది ఎంతో.

మూడు. ప్రవర్తన దోషం ఉంటే తప్ప సీజన్ మధ్యలో తీయకండి.

నాలుగు. సహాయక సిబ్బంది కాంట్రాక్టులని హెడ్ కోచ్ కాంట్రాక్టుతో ముడిపెట్టకండి.

ఐదు. టీవీ వారికి. కోచ్ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని గంట మాట్లాడితే, అందులో పదిహేను నిమిషాలు వీడియో వేసి ఆట చూపించండి. ఐదో ట్యాకిల్ తర్వాత తన్నిన బంతి వెనక ఎంతమంది పరిగెత్తారో చూపిస్తే చాలు, కోచ్ మాట జట్టు వింటోందో లేదో మాకే తెలుస్తుంది. ఆ కుర్చీ కోసం చూస్తున్న కోచ్ మీ స్నేహితుడైతే ఆ ముక్క ముందే చెప్పండి.

ఆరు. ప్రతి క్లబ్బు హెడ్ కోచ్ ఏడాదికి ఒక సాయంత్రం జిల్లాలోని స్వచ్ఛంద జూనియర్ కోచ్‌లతో గడపాలి. ఫొటోలకి కాదు. వరసగా నాలుగు ఓడినప్పుడు ఏం చేయాలో వాళ్ళకి చెప్పడానికి. మీ కోచ్‌లకి అది బాగా తెలిసిన విషయమే కదా.

జనవరి ఆఖరు దాకా జవాబు కోసం చూస్తాను. రాకపోతే ఈ ఉత్తరం మీద సంతకాలు తీసుకుని వార్షిక సభ్యుల సమావేశానికి వచ్చి నిలబడి చదువుతాను, అప్పుడు ఇంగ్లీషులోనే. ఈలోపు మా తొమ్మిదేళ్ళవాళ్ళ జట్టు, ఇప్పుడు పదేళ్ళవాళ్ళది, కోచ్ కోసం వెతుకుతోంది. ఇంకెవరూ దొరక్కపోతే నేనే పేరు ఇస్తానని మా ఆవిడకి చెప్పాను. "మొదటి నాలుగు మ్యాచ్‌లు గెలవండి ముందు" అంది.

ఇట్లు,
ఒక సభ్యుడు,
వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ